లాజిస్టిక్స్ అంటే లారీలు తిప్పడమేనా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. లాజిస్టిక్స్‌లో పీజీ చేస్తానంటోంది. సరుకు మోయించడానికి పీజీ ఎందుకండీ? – ఓ తండ్రి

జవాబు: చాలామంది తల్లిదండ్రులు ఇలాగే అడుగుతారు. రవాణా ఇందులో ఒక ముక్క మాత్రమేనండీ. ఏ సరుకు ఎంత తెప్పించాలి, ఎక్కడ నిల్వ పెట్టాలి, ఎప్పుడు ఏ దారిన పంపాలి, తిరిగొస్తే ఏం చేయాలి... ఇవన్నీ కలిపి తేల్చే పని లాజిస్టిక్స్.

మొదట్లో ఇది సైన్యాల గొడవ. తిండి, మందుగుండు వేళకు అందకపోతే ఎంత సేనైనా చతికిలపడాల్సిందే. జోమినీ అనే సైనిక నిపుణుడు 1838లోనే యుద్ధకళపై రాస్తూ దీనికి ఒక అధ్యాయం కేటాయించాడు. వ్యాపారంలో పెద్ద మలుపు 1956లో వచ్చింది. అమెరికాలో ట్రక్కుల వ్యాపారి మాల్కం మెక్లీన్ 58 కంటైనర్లను, అంటే సరుకు నింపి పెట్టె పెట్టెగానే ఎక్కించి దించే పెద్ద లోహపు పెట్టెలను, ఒకే ఓడలో నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. అంతకుముందు బస్తాలు, పెట్టెలు ఒక్కొక్కటీ కూలీలు ఎక్కించి దించుతుంటే ఓడలు రోజుల తరబడి రేవులోనే పడి ఉండేవి. తర్వాత కంప్యూటర్లు, బార్‌కోడ్ వచ్చాక ఏ పెట్టె ఎక్కడుందో కుర్చీలో కూర్చునే చెప్పగలిగారు. ఇక కొనుగోలు నుంచి కస్టమర్ గుమ్మం దాకా ఒకే గొలుసుగా చూడటం మొదలైంది. ఇప్పుడు వినిపించే ‘సప్లై చెయిన్’ అదే.

మీ అమ్మాయి చేయబోయే పని ఎలా ఉంటుందో చూడండి. ఫ్యాక్టరీకి ఒక విడిభాగం కావాలి. ఓడలో చవక, కానీ వారాలు పడుతుంది. విమానంలో రోజుల్లో వస్తుంది, ఖర్చు మోత. ఓడ ఎంచుకుంటే గోడౌన్‌లో ఎక్కువ స్టాక్ ఉంచాలి, అందులో డబ్బు ఇరుక్కుంటుంది. స్టాక్ తగ్గిస్తే, ఏదైనా ఆలస్యమైన రోజున ఫ్యాక్టరీ ఆగిపోతుంది. 2021 మార్చిలో ‘ఎవర్ గివెన్’ ఓడ అడ్డం తిరిగి సూయజ్ కాలువ ఆరు రోజులు మూతపడినప్పుడు, స్టాక్ అంతంతమాత్రంగా పెట్టుకున్నవాళ్లు హడలిపోయారు. ఎంత ఉంచితే క్షేమం? ఈ లెక్క కట్టడానికే గణాంకశాస్త్రం, ఎక్సెల్ బాగా రావాలి.

కాబట్టి అంకెలంటే విసుగైతే ఈ దారి వద్దు. మొదటి ఉద్యోగంలో షిఫ్టులు, వేళకాని వేళ ఫోన్లు మామూలే. ఏసీ గదే కావాలనుకుంటే కష్టం. ఫీజు కట్టేముందు ఒక నెల ఏదైనా వేర్‌హౌస్‌లో పనిచేయనివ్వండి. సిలబస్‌లో ఇన్వెంటరీ (సరుకు నిల్వల నిర్వహణ), డిమాండ్ అంచనా ఉన్నాయో లేదో, ఇంటర్న్‌షిప్ నిజంగా ఇప్పిస్తారో లేదో కాలేజీవాళ్లను కాకుండా అక్కడ చదివి వెళ్లినవాళ్లను అడగమనండి.