పగలు కళ్ళు మూసుకుంటున్న ఊసరవెల్లికి విటమిన్ చుక్కలు వేయాలా?

మీరు రాసిన దాన్ని బట్టి పరిస్థితి ఇదీ: ఎనిమిది నెలల వెయిల్డ్ ఊసరవెల్లి (తల మీద కిరీటంలాంటి ఎత్తు ఉండే రకం), నాలుగు రోజులుగా ఏమీ ముట్టడం లేదు, పట్టపగలు కళ్ళు మూసుకుని ఉంటోంది, కొమ్మల మీద ఉండకుండా అడుగున తిరుగుతోంది, రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగులో వస్తోంది. ఉండేది గాజు ట్యాంకు, పైన మెలికలు తిరిగిన యూవీబీ బల్బు (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాల్ని ఇచ్చేది), పొద్దున సాయంత్రం కాస్త స్ప్రే. ఎవరో కళ్ళలో విటమిన్ ఎ చుక్కలు వేయమన్నారు, వేయాలా వద్దా అని అడుగుతున్నారు.

వద్దండి. పగటిపూట కళ్ళు మూసుకున్న ఊసరవెల్లికి కంటి జబ్బే ఉందని అనుకోవడానికి లేదు. ఒంట్లో నీళ్ళు తగ్గినా, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా, గుడ్లు ఇరుక్కున్నా, లైటు తేడాగా ఉన్నా, కడుపులో పురుగులున్నా బయటికి కనిపించేది మాత్రం ఇదే, కళ్ళు మూసుకోవడం. అడవిలో నీరసంగా కనిపించిన జీవిని ఇంకోటి తినేస్తుంది కాబట్టి ఇవి జబ్బుని ఆఖరిదాకా దాచిపెడతాయి, అందుకే మనకి కనిపించేసరికే ఆలస్యం అయి ఉంటుంది. సరీసృపాల్ని చూసే వెటర్నరీ డాక్టరు అపాయింట్‌మెంట్ ఇవాళే తీసుకోండి, రేపు చూద్దాం అనుకోకండి. కింద రాసేదంతా ఆ అపాయింట్‌మెంట్ వచ్చేలోపు చూసుకోవాల్సినవి.

అన్నిటికన్నా ముందు వెనక కాళ్ళ మడమలు చూడండి. మీరు "వాడు" అని రాశారు, కానీ మగదని మీరు చూసి తెలుసుకున్నారా, అమ్మినవాళ్ళు చెప్పారా? వెయిల్డ్‌లలో మగదానికి గుడ్డులోంచి బయటికి వచ్చినప్పటి నుంచే వెనక పాదం వెనకాల చిన్న ముల్లులాంటి పొడుపు ఉంటుంది, ఆడదానికి ఉండదు. వయసుతో, తల మీద కిరీటం సైజుతో సంబంధం లేదు. నా దగ్గర పెరిగినదాన్ని కూడా మగదని చెప్పే అమ్మారు, మడమ నున్నగా ఉంది. అది ఆడదని తెలుసు కాబట్టే, ఒక వయసు వచ్చాక తిండి మానేసి అడుగున మూలలు గీకడం మొదలుపెట్టినప్పుడు నాకు టెన్షన్ పడాల్సిన అవసరం రాలేదు, ఇసుక డబ్బా ముందే సిద్ధంగా ఉంది.

ఎందుకంటే వెయిల్డ్ ఆడవి మగదాని మొహం చూడకపోయినా గుడ్లు పెడతాయి. ఐదారు నెలల వయసు నుంచే మొదలవ్వచ్చు, ఒక్కో విడతకి 30, 40, బాగా మేపితే ఇంకా ఎక్కువ. మీరు చెప్పిన వయసు, తిండి మానేయడం, అడుగున తిరగడం, ఈ మూడూ దీనికి అతికినట్టు సరిపోతున్నాయి. ఒంటి మీద ముదురు రంగులో పసుపు, నీలం మచ్చలు తేలాయా, పొట్ట రెండు వైపులా గుండ్రంగా ఉబ్బిందా చూడండి. మడమ నున్నగా ఉంటే ఇవాళ రాత్రికే గుడ్లు పెట్టుకోవడానికి చోటు ఏర్పాటు చేయండి: కనీసం 12 అంగుళాల లోతు, అంతే వెడల్పు ఉన్న డబ్బా, అందులో శుభ్రంగా కడిగిన ఇసుక, వేలితో సొరంగం చేస్తే కూలిపోనంత తడిగా. పల్చగా రెండు అంగుళాల మట్టి పోసి "పెట్టాను కదా" అంటే కుదరదు, అది తవ్వి, అడుగు తగిలి, వదిలేసి, గుడ్లు లోపలే పెట్టుకుని కూర్చుంటుంది. ట్యాంకు చుట్టూ గుడ్డ కప్పేయండి. తవ్వేటప్పుడు మీరు కనిపిస్తే మధ్యలో ఆపేస్తుంది, ఇది నేను మరీ మరీ చెప్పే విషయం, ఎందుకంటే ఆత్రం కొద్దీ గంటకోసారి గుడ్డ ఎత్తి చూసేవాళ్ళే ఎక్కువ. తవ్వడానికి ఒక పూట పట్టచ్చు, ఒక్కోసారి రాత్రంతా సొరంగంలోనే పడుకుంటుంది, తీయకండి.

అయితే ఆడదై ఉండి, పొట్ట నిండుగా ఉండి, పగలు కళ్ళు మూసుకుని, కొమ్మ పట్టుకోలేనంత నీరసంగా ఉంటే అది డబ్బాతో తేలే సంగతి కాదు. గుడ్లు లోపల ఇరుక్కుని ఉండచ్చు. అది ఎమర్జెన్సీ, అపాయింట్‌మెంట్ రేపటికి ఉన్నా ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. ఎక్స్‌రేలో గుడ్లు కనిపిస్తాయి. పొట్ట నొక్కి చూడడం, రుద్దడం లాంటివి ఎవరు చెప్పినా చేయకండి, లోపల గుడ్డు పగిలితే ప్రాణం మీదకి వస్తుంది.

మడమకి ముల్లు ఉందా? సరే, అప్పుడు నీళ్ళ సంగతికి వద్దాం. ఆడదైనా ఇది చదవండి, నారింజ రంగు ఇద్దరికీ ఒకటే. రెట్టతో పాటు వచ్చే ఆ సుద్దలాంటి ముద్దని యూరేట్ అంటారు. తెల్లగా ఉంటే నీళ్ళు సరిపోతున్నట్టు, ఒక కొసన కాస్త పసుపు ఉన్నా కంగారు లేదు, మొత్తం నారింజ రంగులోకి వచ్చి గట్టిపడితే ఒంట్లో నీళ్ళు లేనట్టు. కళ్ళు లోపలికి పోయి ఉంటే ఇంకా ఖాయం. ఇవి గిన్నెలో నీళ్ళు పెడితే సాధారణంగా తాగవు, ఆకుల మీద కదిలే చుక్కల్నే నీళ్ళుగా గుర్తిస్తాయి. పైగా స్ప్రే మొదలవ్వగానే తాగడం మొదలెట్టవు, ముందు కళ్ళు శుభ్రం చేసుకుంటాయి, అటూ ఇటూ చూస్తాయి, ఆ తర్వాత ఎప్పటికో నోరు తెరుస్తాయి. మీరు పది సార్లు స్ప్రే నొక్కి వెళ్ళిపోతే అది నిద్ర లేచి చూసేసరికి చుక్కలు ఆరిపోయి ఉంటాయి. లైటు వెలగడానికి కాస్త ముందు ఒకసారి, లైటు ఆరిన తర్వాత ఒకసారి, కనీసం రెండేసి నిమిషాల పాటు సన్నటి తుంపర ఇవ్వండి. పగలు పైనుంచి ఆకుల మీద చుక్కచుక్కగా పడేలా ఒక డబ్బాకి సన్నటి చిల్లు పెట్టి వదలండి, ఇరవై నిమిషాలు పడితే చాలు. సిరంజితో నోట్లో కొట్టకండి, దీని గాలి గొట్టం తలుపు నోట్లో ముందు భాగంలోనే ఉంటుంది, నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మరీ ఎక్కువ తడి కూడా చేటే, ముఖ్యంగా గాజు ట్యాంకులో. వేడి, తడి, గాలి ఆడకపోవడం, ఈ మూడూ కలిస్తే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌కి దారి వేసినట్టే. పగలు ఆకులు పూర్తిగా ఆరాలి, హైగ్రోమీటర్‌లో (గాలిలో తేమ కొలిచే మీటరు) పగలు 40, 50 శాతం దాకా దిగనివ్వండి, రాత్రి చల్లబడ్డాక ఎంత పెరిగినా ఫర్వాలేదు. ముక్కు పైకెత్తి నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ఊపిరితో పాటు టిక్ టిక్ అని చప్పుడు వస్తున్నా, నోటి చివర జిగురు కనిపించినా అది ఇన్ఫెక్షనే అనుకుని వెళ్ళండి, దానికి యాంటీబయాటిక్ కావాలి, ఇంట్లో ఏదీ పనిచేయదు. బల్బు కింద కూర్చున్నప్పుడు మాత్రమే నోరు తెరిస్తే అది వేడి ఎక్కువైందని చెప్పడం, వేరే సంగతి.

ఇక ఆ మెలికల బల్బు. దాన్ని తీసేయండి. ఒకే చోట ఘాటుగా, నాలుగు అంగుళాలు పక్కకి జరిగితే ఏమీ లేనట్టుగా ఉంటుంది దాని వెలుగు, దగ్గరగా పెడితే కొన్ని రకాలు కళ్ళని మండిస్తాయి కూడా, అప్పుడు ఊసరవెల్లి చేసే పని కళ్ళు మూసుకోవడమే. కావాల్సింది పొడవాటి టీ5 హెచ్ఓ (సన్నగా ఉండి ఎక్కువ వెలుగిచ్చే రకం) యూవీబీ ట్యూబు, 5.0 అని గానీ 6 శాతం అని గానీ రాసి ఉండేది. ఎండ కాచుకునే కొమ్మ మీద కూర్చున్నప్పుడు వీపు ట్యూబుకి ఎనిమిది తొమ్మిది అంగుళాల దూరంలో ఉండాలి, మధ్యలో జాలీ ఉంటే అది కూడా కొంత ఆపుతుందని గుర్తుపెట్టుకోండి, గాజు గానీ ప్లాస్టిక్ గానీ అడ్డం ఉంటే యూవీబీ దాదాపు ఏమీ దిగదు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ కూడా ఇందుకే పనికిరాదు. కొలిచే మీటరు ఎవరి దగ్గరైనా దొరికితే ఆ కొమ్మ దగ్గర యూవీ ఇండెక్స్ 3 చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు. ట్యూబు వెలుగుతున్నంత కాలం పనిచేస్తున్నట్టే అనుకోకండి, కంటికి కనిపించే వెలుగు ఉంటుంది, యూవీబీ తగ్గిపోతుంది, ఏడాదికోసారి మార్చాలి.

లైటు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఎముకలు. యూవీబీ లేకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారవ్వదు, డి3 లేకపోతే మీరు చల్లిన కాల్షియం పేగుల్లోంచి ఒంటికి పట్టదు, రక్తంలో కాల్షియం పడిపోకుండా శరీరం ఎముకల్నే కరిగించుకుంటుంది. దాన్నే ఎంబీడీ (మెటబాలిక్ బోన్ డిసీజ్) అంటారు. ముందు కాళ్ళు విల్లులా వంగాయా, మోచేతి దగ్గర అదనపు కీలు ఉన్నట్టు కనిపిస్తోందా, కొమ్మకి బదులు తన కాలినే తను పట్టుకుంటోందా, వేళ్ళు వణుకుతున్నాయా, నాలుక విసిరితే సగంలోనే ఆగిపోతోందా గమనించండి. అడుగున తిరగడానికి ఇది కూడా ఒక కారణమే, పైకి ఎక్కే బలం లేక. వంగిన ఎముక మళ్ళీ తిన్నగా కాదు గానీ, ఇంకా ముదరకుండా ఆపచ్చు.

పొడుల విషయం క్లుప్తంగా: డి3 లేని మామూలు కాల్షియం ప్రతిసారీ మేతగా వేసే పురుగుల మీద పల్చగా, డి3, మల్టీవిటమిన్ కలిసినది నెలకి రెండుసార్లు. ఎక్కువ వేస్తే ఎక్కువ బలం అనుకునేవాళ్ళు ఉంటారు, డి3, విటమిన్ ఎ రెండూ ఒంట్లో పేరుకుపోయే రకం, మోతాదు దాటితే విషమే, మెడ చుట్టూ నీరు పట్టి ఉబ్బడం కూడా దాంతో రావచ్చు. మీ విటమిన్ ఎ చుక్కలు వద్దన్నది ఇందుకే. నిజంగా లోపం ఉందని డాక్టరు చూసి తేలిస్తే ఎంత ఇవ్వాలో బరువు తూచి ఆయనే చెప్తారు. ఈలోపు కళ్ళలో ఏ నూనె చుక్కలూ వేయకండి.

వేడి కొలవడానికి ట్యాంకు గోడకి అంటించే గుండ్రటి మీటరు నమ్మకండి, అది గోడ వేడి చెప్తుంది. తీగ ఉన్న ప్రోబ్‌ని కొమ్మ మీద, దాని వీపు ఉండే ఎత్తులో పెట్టి చూడండి. పెద్ద మగదానికి అక్కడ 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్, ఆడవాటికి, చిన్నవాటికి 27 నుంచి 29. ఆడదానికి కాస్త తక్కువ వేడి, కాస్త తక్కువ తిండి ఇస్తే గుడ్లు కూడా తగ్గుతాయి. రాత్రి 18, 20కి దిగినా హాయిగా నిద్రపోతుంది, దానికి ఎర్ర బల్బులు అక్కర్లేదు, చీకటి కావాలి. బల్బు మరీ దగ్గరగా ఉంటే కిరీటం పైన, వీపు మీద కాలిన మచ్చలు పడతాయి, అవి కాలుతున్నట్టు దానికి వెంటనే తెలియదు.

గాజులో తన నీడే తనకి కనిపించి ఇంకో మగది వచ్చిందని రోజంతా కుమిలిపోయేవి కూడా ఉంటాయి. ముదురు రంగు, చదునుగా చేసుకున్న ఒళ్ళు కనిపిస్తే అదే అనుకోండి. చుట్టూ ఆకుల్ని బట్టి రంగు మారుతుందన్నది ఉత్త మాట, చలి వేసినా భయం వేసినా నల్లబడుతుంది. వీలైనంత త్వరగా జాలీ బోనులోకి మార్చండి, పెద్దదానికి 24 అంగుళాల వెడల్పు, 24 లోతు, 48 ఎత్తు. దాన్ని బల్ల మీద పెట్టండి, మనం కిందనుంచి చూసేంత ఎత్తులో ఉంటే ధైర్యంగా ఉంటుంది. అప్పటిదాకా గాజుకి మూడు వైపులా లోపల ఆకులు దట్టంగా పెట్టండి, పైన మూత జాలీదే కాకపోతే వెంటనే మార్చండి.

తిండి గురించి మీకు ఎక్కువ బెంగ ఉన్నట్టుంది, నేను మాత్రం దాన్ని చివరే పెడతాను. నీళ్ళు, వేడి, వెలుగు సరిపడకుండా పురుగులు లోపలికి పోయినా అరగవు. నోరు తెరిచి బలవంతంగా పెట్టకండి. తినని క్రికెట్ పురుగుల్ని (కీచురాళ్ళని) రాత్రి లోపల వదలకండి, నీరసంగా ఉన్నదాన్ని అవే కొరుకుతాయి. మళ్ళీ తినడం మొదలెట్టాక ఆ పురుగులకి ఒక రోజు ముందు నుంచి ఆకుకూర, క్యారెట్ లాంటివి మేపి ఇవ్వండి, ఖాళీ కడుపు పురుగులో బలం ఏమీ ఉండదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ట్యాంకు ఫోటోలు, బల్బు అట్టపెట్టె, వాడుతున్న పొడుల డబ్బాలు, వీలైతే అదే రోజు పడిన రెట్ట తడి టిష్యూలో చుట్టి మూత ఉన్న డబ్బాలో తీసుకెళ్ళండి, కడుపులో పురుగుల కోసం పరీక్ష చేయమని మీరే అడగండి. ఊసరవెల్లిని చేతిలో పట్టుకెళ్ళకుండా గాలి చిల్లులున్న అట్టపెట్టెలో ఒక కొమ్మ అడ్డంగా బిగించి కూర్చోబెట్టండి, చీకటిగా ఉంటే దారి పొడుగునా కదలకుండా ఉంటుంది.