రాత్రంతా నడిపినా కనబడని పీకులు

ప్రశ్న: సర్, నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. ఒక ఘన పదార్థానికి కార్బన్-13 ఎన్‌ఎంఆర్ (బలమైన అయస్కాంతంలో పరమాణు కేంద్రకాలిచ్చే సిగ్నల్‌ను కొలిచే పద్ధతి) కోసం మా సీనియర్ రాత్రంతా మెషిన్ నడిపినా నాయిస్‌లో పీకులు సరిగా కనబడలేదు. ఎలక్ట్రాన్ల పోలరైజేషన్‌తో, అంటే అవి ఒక దిశకు చూపే మొగ్గుతో, సిగ్నల్‌ను వంద రెట్లు పెంచే డీఎన్‌పీ (డైనమిక్ న్యూక్లియర్ పోలరైజేషన్) పద్ధతి ఉందట. ఎలక్ట్రాన్ కేంద్రకానికి ఎలా సాయం చేస్తుంది? అంత మంచిదైతే అన్ని ల్యాబుల్లో ఎందుకు లేదు?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ సీనియర్ పడ్డ కష్టం నాకు బాగా తెలుసమ్మా. నా సర్వీసంతా ఎన్‌ఎంఆర్ మెషిన్ల దగ్గరే గడిచింది.

ముందు సిగ్నల్ ఎందుకంత బలహీనమో చూడండి. 400 మెగాహెర్ట్జ్ మెషిన్‌లో, గది ఉష్ణోగ్రత దగ్గర, 10 లక్షల ప్రోటాన్లు (హైడ్రోజన్ కేంద్రకాలు) చిన్న అయస్కాంతాల్లా దాదాపు సగం సగంగా ఎదురెదురు దిశల్లో ఉంటాయి. ఒక వైపు ఎక్కువగా ఉండేవి 32 మాత్రమే. 10 లక్షల ఓట్లు పోలైతే 32 ఓట్ల మెజారిటీ వచ్చినట్టు. మిగతావన్నీ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, మనకు అందేది ఆ మెజారిటీయే, పోలరైజేషన్ అంటే అదే. కార్బన్-13కి అది ఎనిమిదే. పైగా ప్రకృతిలో నూరు కార్బన్లలో ఒకటి మాత్రమే కార్బన్-13. అదే అయస్కాంతంలో, అదే ఉష్ణోగ్రతలో జతలేని ఎలక్ట్రాన్ల మెజారిటీ దాదాపు 21 వేలు. ఎలక్ట్రాన్ అయస్కాంతత్వం ప్రోటాన్ కంటే 658 రెట్లు ఎక్కువ కాబట్టి.

ఆ మెజారిటీని కేంద్రకాలకు మళ్లించవచ్చని 1953లో ఆల్బర్ట్ ఓవర్‌హౌజర్ చెప్పాడు. అప్పుడాయన అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఉన్న యువకుడు. లోహంలోని ఎలక్ట్రాన్లను వాటికి సరిపోయే (రెజొనెన్స్) ఫ్రీక్వెన్సీ ఉన్న మైక్రోవేవ్‌లతో బలంగా కదిలిస్తే కేంద్రకాల పోలరైజేషన్ విపరీతంగా పెరుగుతుందన్నాడు. వాషింగ్టన్‌లో జరిగిన భౌతికశాస్త్రజ్ఞుల సమావేశంలో ఆయన ఇది చెబితే బ్లాఖ్, రాబీ, రామ్సే లాంటి ఉద్దండులు నమ్మలేకపోయారు. బ్లాఖ్ ఎవరనుకున్నారు, ఎన్‌ఎంఆర్‌కే అంతకు ముందు ఏడాది నోబెల్ అందుకున్న మనిషి! తర్వాత రామ్సే, ఎంత వెతికినా మీ వాదనలో లోపం దొరకలేదని ఓవర్‌హౌజర్‌కు ఉత్తరం రాశాడు. పెద్దవాళ్లు అలా ఒప్పుకోవడం నాకు ఆ లెక్క కన్నా గొప్పగా తోస్తుంది. అదే ఏడాది, అదే విశ్వవిద్యాలయంలో కార్వర్, స్లిక్టర్ లిథియం లోహంలో దాన్ని చేసి చూపించారు.

మీ శాంపిల్‌లో లోహపు ఎలక్ట్రాన్లు ఉండవు కదా. అందుకని ఇప్పుడు రెండు జతలేని ఎలక్ట్రాన్లున్న అణువును కొద్దిగా కలుపుతారు. ఆ రెండింటి ఫ్రీక్వెన్సీల తేడా ప్రోటాన్ ఫ్రీక్వెన్సీకి సమానమైనప్పుడు, ఎలక్ట్రాన్లు రెండూ దిశలు మార్చుకుంటూ ప్రోటాన్‌నూ తిప్పేస్తాయి. ఆ ప్రోటాన్ నుంచి పక్క ప్రోటాన్‌కు, అలా శాంపిలంతా పోలరైజేషన్ పాకుతుంది. చివర్లో దాన్ని కార్బన్‌కు అందిస్తారు. మైక్రోవేవ్‌లు ఆపకుండా శక్తిని అందిస్తుంటాయి కాబట్టే ఇదంతా సాధ్యం.

సిగ్నల్ వంద రెట్లు పెరిగితే సమయం ఎంత మిగులుతుందో లెక్క వేయండి. నాయిస్ మీద సిగ్నల్ రెట్టింపు కావాలంటే స్కాన్లు నాలుగింతలు చేయాలి. అంటే వంద రెట్లకు పది వేల ఇంతలు! డీఎన్‌పీతో గంటలో అయ్యే పనికి, అది లేకుండా ఏడాదికి పైగా మెషిన్ నడపాలి.

ఇక అన్ని ల్యాబుల్లో ఎందుకు లేదంటే, ముఖ్యంగా ఖర్చు. 400 మెగాహెర్ట్జ్ అయస్కాంతానికి 263 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌లు బలంగా కావాలి. వాటికి గైరోట్రాన్ అనే పెద్ద యంత్రం పెడతారు. ఈ దారిని 1990లలో ఎంఐటీలో రాబర్ట్ గ్రిఫిన్ బృందం వేసింది. శాంపిల్‌ను సుమారు 100 కెల్విన్‌లకు, అంటే మైనస్ 173 డిగ్రీలకు చల్లబరిచి, ఆ చలిలోనే గిర్రున తిప్పాలి. చలికి కొన్ని పదార్థాల పీకులు వెడల్పవుతాయి. కలిపిన అణువుకు మరీ దగ్గరున్న కేంద్రకాల సిగ్నల్ మాయమవుతుంది కూడా.

మీకు ఎక్కడైనా డీఎన్‌పీ టైమ్ దొరికితే ఒక మాట గుర్తుంచుకోండి. మైక్రోవేవ్ పెట్టి ఒకసారి, ఆపి ఒకసారి తీసిన సిగ్నళ్ల నిష్పత్తినే చాలామంది గొప్పగా చెబుతారు. అది సగం నిజమే, పైన చెప్పిన నష్టాలు అందులో కనబడవు. ఏమీ కలపని శాంపిల్‌కు మామూలు ఉష్ణోగ్రతలో గంటకు ఎంత సిగ్నల్ వచ్చిందో, డీఎన్‌పీలో గంటకు ఎంత వచ్చిందో పక్కపక్కన పెట్టి చూడండి. మీ సీనియర్‌ను కూడా ఆ పోలికే అడగమనండి.