ఎల్క్ వేటకు తులం బుల్లెట్ చాలు

ప్రొద్దుటూరు

చిరంజీవి హరికి పెద్దనాయన ఆశీస్సులు.

ఎల్క్ అనే ఆ పెద్ద దుప్పి వేటకు ఎంత బరువు బుల్లెట్ వాడాలని మొన్న ఫోన్లో నువ్వు అడిగింది రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే రాస్తున్నా. కొలరాడోలో ఎల్క్ ట్యాగ్, అంటే ఒకదాన్ని కొట్టే అనుమతి, వచ్చింది, 30-06 రైఫిల్ కొన్నావు. షాపులో అతను 220 గ్రెయిన్ల బుల్లెట్ తీసుకోమన్నాడు, ఆఫీసులో నీ స్నేహితుడు 150 చాలన్నాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది కానీ నీ పనికి రెండూ వద్దు. 180 తీసుకో. రాగి బుల్లెట్ కొంటే 165. ఎందుకో తెలిస్తే రేపు ఇంకో రైఫిల్ కొన్నా ఎవర్నీ అడగక్కర్లేదు కాబట్టి కొంచెం ఓపిగ్గా చదువు.

డబ్బా మీద ఉండే 180 అన్న అంకె బుల్లెట్ ఒక్కదాని బరువు. బుల్లెట్టూ మందూ గొట్టమూ కలిసిన తూటా మొత్తం బరువు కాదు, లోపలి తుపాకి మందు బరువు కూడా కాదు. మందును కూడా గ్రెయిన్లలోనే తూస్తారు కాబట్టి కొత్తవాళ్ళు ఇక్కడ తికమక పడతారు. పౌనుకు 7000 గ్రెయిన్లు. నువ్వు ప్రొద్దుటూరు పిల్లోడివి, నీకు బంగారం లెక్కలో చెప్తే తొందరగా ఎక్కుతుంది. ఇప్పుడు అంగళ్ళలో తులం అంటే 10 గ్రాములంటున్నారు గానీ పాత తులం 11.66 గ్రాములు, అంటే సరిగ్గా 180 గ్రెయిన్లు. బ్రిటిష్ వాళ్ళ కాలం వెండి రూపాయి బరువూ అంతే. మీ జేజి పెట్టెలో రెండు మూడు ఉండాలి, ఈసారి వచ్చినప్పుడు చేతిలో పెట్టుకుని చూడు. 150 అంటే తులానికి ఆరో వంతు తక్కువ, 220 అంటే దాదాపు తులంపావు. చేతికి తేడా పెద్దగా తెలియదు, జంతువు ఒంట్లో మాత్రం తెలుస్తుంది.

బరువు పెరిగితే బలం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. లెక్క వేసి చూడు. ఒకే తూటాలో మందు పుట్టించే ఒత్తిడికి హద్దుంది కాబట్టి బుల్లెట్ బరువెక్కే కొద్దీ వేగం తగ్గుతుంది. 30-06లో 150 గ్రెయిన్లది సెకనుకు సుమారు 2900 అడుగుల వేగంతో బయటికొస్తుంది, 180 అయితే 2700, 220 అయితే 2400. వేగాన్ని వేగంతో హెచ్చించి, బరువుతో హెచ్చించి, 450240తో భాగిస్తే ఫుట్-పౌండ్లలో శక్తి వస్తుంది. మూడింటికీ అది 2800 నుంచి 2900 చిల్లర లోపే తేలుతుంది. షాపతను 220 చూపించి అమ్మిన ‘పవర్’ అసలు లేనే లేదన్నమాట.

మరి బరువు మారిస్తే మారేది ఏమిటి? ఎంత లోతుకు పోతుందన్నది. అడ్డుకొలత ఒకటే అయినప్పుడు బరువైన బుల్లెట్ పొడుగ్గా ఉంటుంది, దాని వెనకాల తోసే బరువు ఎక్కువ. దీన్ని సెక్షనల్ డెన్సిటీ అంటారు. బుల్లెట్ బరువును పౌన్లలో తీసుకుని, అడ్డుకొలతను అంగుళాల్లో దానితోనే హెచ్చించి, దాంతో భాగిస్తే వచ్చే అంకె. నీ రైఫిల్‌కు 150 అయితే 0.226, 165 అయితే 0.248, 180 అయితే 0.271, 220 అయితే 0.331. జింకకు మొదటిది చాలు. ఎల్క్ మామూలు జింక కాదు. మన నల్లమల కణితి కంటే పెద్ద ఒళ్ళు, బాగా పెరిగిన మగది మూడు వందల కిలోలు దాటుతుంది. ముందు జబ్బ ఎముక లావు, దాని మీద కండ మందం. అది పక్కకు తిరిగి తీరుబడిగా నిలబడితే పక్కటెముకల మధ్య నుంచి ఊపిరితిత్తుల్లోకి ఏ బుల్లెట్టయినా పోతుంది. కానీ నువ్వు కోరినట్టు నిలబడదు కదా. ఏటవాలుగా నిలబడిందనుకో, అదే ఊపిరితిత్తులకు చేరడానికి బుల్లెట్ పొట్ట అంచు నుంచో జబ్బ ఎముక గుండానో ఎంతో లోపలికి పోవాలి. బరువు ఎంచుకునేది ఆ వంకర నిలబాటు కోసమే.

అయితే బరువు ఒక్కటే చూసి కొంటే సగం పనే అయినట్టు. బుల్లెట్ ఎలా తయారైందన్నది బరువు కంటే పెద్ద సంగతి. మామూలు సాఫ్ట్ పాయింట్‌లో సీసం మీద పల్చటి రాగి తొడుగు ఉంటుంది. తగలగానే ముందు భాగం విచ్చుకుంటుంది, అందుకే గాయం పెద్దదవుతుంది. కానీ దగ్గర్నుంచి, మంచి వేగంలో, గట్టి ఎముక తగిలితే విచ్చుకోవడం కాస్తా ముక్కలైపోవడం అవుతుంది. 1946లో జాన్ నోస్లర్ అనే ఆయన కెనడాలో ఎల్క్ కంటే పెద్దదైన మూస్ అనే దుప్పిని వేటాడుతుంటే సరిగ్గా ఇదే జరిగింది, గుళ్ళు లోపలికి పోకుండా పైనే చితికిపోయాయి. ఆయన ఇంటికెళ్ళి మధ్యలో రాగి అడ్డుగోడ ఉన్న బుల్లెట్ తయారు చేశాడు. ముందు సగం విచ్చుకుంటే వెనక సగం చెక్కు చెదరకుండా లోపలికి పోతుంది. పార్టిషన్ అన్న పేరుతో అది ఇప్పటికీ దొరుకుతుంది. తర్వాత తొడుగుకూ సీసానికీ విడిపోకుండా అతుకు వేసిన బాండెడ్ బుల్లెట్లు వచ్చాయి. ఈ రెండింటిలో ఏదైనా సరే, 180లో కొను. ధర మామూలు వాటి కంటే ఎక్కువే. వేలు పోసి ట్యాగ్, రైఫిల్, బూట్లు కొన్నవాడివి ఇక్కడ పది డాలర్లు మిగిలించుకోకు.

మూడో రకం మొత్తం రాగితోనే చేసింది. బార్న్స్ వాళ్ళు 1989లో తెచ్చిన ఎక్స్ బుల్లెట్‌తో ఇది జనంలోకి వచ్చింది. ఇందులో సీసం లేదు, విచ్చుకున్నాక కూడా బరువు దాదాపు అంతా మిగుల్తుంది. సీసం బుల్లెట్ 180 గ్రెయిన్లతో మొదలై లోపలికి పోతూ పోతూ మూడో వంతు రాల్చుకుంటే, రాగిది 165తో మొదలై చివరిదాకా అంతే ఉంటుంది. అందుకే రాగిలో ఒక మెట్టు తక్కువ బరువు తీసుకోమన్నా. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకు పొడుగూ ఎక్కువవుతుంది, తూటాలో మందుకు చోటు తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త ఉంది. రాగి విచ్చుకోవాలంటే తగిలేటప్పటికి వేగం ఉండాలి, చాలా వాటికి 1800 నుంచి 2000 అడుగుల మధ్య. మరీ దూరం పోతే సన్నటి బొక్క పెట్టి బయటికి పోతుంది. నువ్వు ఎలాగూ 300 గజాలు దాటి కొట్టకూడదు కాబట్టి నీకు ఆ ఇబ్బంది రాదు.

ఇంట్లో చిన్నపిల్ల ఉంది, ఆ మాంసం తినేది తనే కదా. సీసం బుల్లెట్ తగిలినచోట కంటికి కనపడని సీసపు నలుసులు గాయానికి అంగుళాల దూరం దాకా పోతాయి, ఎక్స్‌రే తీస్తే తెలుస్తుంది. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసం బుల్లెట్లే వద్దన్నారు, అది ముఖ్యంగా కాండర్ రాబందుల కోసం. కొలరాడోలో ఆ నిబంధన లేదు. అయినా నన్నడిగితే నీ రైఫిల్‌కు నప్పితే రాగి 165కే నా ఓటు. నప్పకపోతే మొండిపట్టు వద్దు, బాండెడ్ 180తో కానిచ్చేయ్.

నీ స్నేహితుడు 150 ఎందుకన్నాడంటే బుల్లెట్ తిన్నగా పోతుందని. 200 గజాల దగ్గర గురిపెట్టిన చోటే తగిలేలా సరిపెట్టిన రైఫిల్‌లో 300 గజాల దగ్గర 150కీ 180కీ కిందికి దిగడంలో తేడా ఒకటి రెండు అంగుళాలే. ఎల్క్ రొమ్ము మీద అది లెక్కలోకి రాదు. పైగా ఒకే ఆకారం ఉన్నవాటిలో బరువైనదాన్ని గాలి తక్కువ నెడుతుంది, కొండ మీద గాలి గురించి నీకు వేరే చెప్పక్కర్లేదు. 150 వైపు న్యాయమైన మాట ఒకటే ఉంది, భుజం మీద తన్ను తక్కువ. అది చిన్న సంగతి కాదు. మిలిటరీలో కొత్త కుర్రాళ్ళను రేంజ్‌లో చూసేవాణ్ణి, శబ్దానికీ తన్నుకూ భయపడి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసేవాళ్ళు. వాళ్ళ చేతికి ఏ బరువు ఇచ్చినా ఒకటే. 180తో నీకూ అలాగే అవుతుంటే సిగ్గుపడకుండా 165కు దిగు. ఎల్క్‌కు అదేం తక్కువ కాదు. 220 పాత గుండ్రటి మూతి బుల్లెట్, దగ్గర్లో పొదల్లోంచి పెద్ద ఎలుగు వచ్చే చోట బాగుంటుంది. కొలరాడోలో క్రెయిగ్, మీకర్ ఊళ్ళ వైపు నేను తిరిగిన కొండల్లో లోయకు ఈ పక్క నుంచి ఆ పక్కకు కొట్టాల్సి వస్తుంది. అక్కడ అది తొందరగా వేగం పోగొట్టుకుని జారిపోతుంది.

ఇంకో మాట. వేరే కాలిబర్, అంటే వేరే అడ్డుకొలత రైఫిల్ ఉన్నవాడు తన బుల్లెట్ బరువు చెప్తే నీ దాంతో పోల్చకు. 6.5 మిల్లీమీటర్ల క్రీడ్‌మూర్ రైఫిల్ పెట్టుకున్నవాడు 140 గ్రెయిన్లంటాడు, నీకు అది తేలికనిపిస్తుంది. సన్నం కాబట్టి దాని సెక్షనల్ డెన్సిటీ 0.287, నీ 180 కంటే ఎక్కువే. స్వీడన్‌లో 6.5తో మూస్‌ను తరాలుగా కొడుతున్నారు. కరమోజో బెల్ అనే వేటగాడు 7 మిల్లీమీటర్ల రైఫిల్‌తో, 173 గ్రెయిన్ల విచ్చుకోని గట్టి బుల్లెట్లతో వందల ఏనుగులను పడగొట్టాడు. ఈ కథ ఎవరైనా చెప్పి చిన్న రైఫిల్ చాలని వాదిస్తే విని ఊరుకో. ఆయనకు ఏనుగు మెదడు ఎక్కడుందో ఏ పక్క నుంచి చూసినా తెలుసు, నీకూ నాకూ తెలియదు.

విచ్చుకోని బుల్లెట్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, 30-06కు పాత మిలిటరీ తూటాలు కూడా దొరుకుతాయి. మొత్తం తొడుగు ఉన్నవి. రేంజ్‌లో కాల్చుకో, వేటకు మాత్రం జేబులో కూడా ఉంచుకోకు. కొలరాడో చట్టం ప్రకారం బుల్లెట్ విచ్చుకునే రకమే కావాలి, ఎల్క్‌కు కనీసం 85 గ్రెయిన్లు, 100 గజాల దగ్గర 1000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. నువ్వు వాటికి ఎంతో పైనే ఉన్నావు. కానీ చట్టం చెప్పేది కనీసం, సరిపోయేది కాదు. నీతో వస్తానన్న ఆ అబ్బాయి ఇంకా హెచ్‌-1బీ మీదే ఉన్నాడన్నావు. నీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి బాధ లేదు. అతను వేట లైసెన్స్ చేతికి రాకుండా తుపాకీ పట్టుకుంటే ఫెడరల్ కేసు అవుతుంది. ముందు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసుకు పోయి, లైసెన్స్ తీసుకున్నాకే రేంజ్‌కు రమ్మను.

బారెల్ లోపల బుల్లెట్‌ను గిరగిరా తిప్పే గాడుల మెలిక గురించి టెన్షన్ పడకు. 30-06లో పది అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది, 150 నుంచి 220 దాకా అన్నింటినీ నిలకడగా పంపుతుంది. మెలిక చూడాల్సింది బుల్లెట్ పొడుగును బట్టి, బరువును బట్టి కాదు. అది చిన్న కాలిబర్ల వాళ్ళ తలనొప్పి.

ఇప్పుడు చేయాల్సిన పని. రాగి 165 ఒక డబ్బా, బాండెడ్ 180 ఒక డబ్బా కొను. 100 గజాల దగ్గర, సంచుల మీద రైఫిల్ ఆనించి, మూడేసి చొప్పున కాల్చు. మధ్యలో బారెల్ చల్లారనీ. మూడూ అంగుళంన్నరలో పడితే చాలు, ఏది దగ్గరగా పెడితే అదే నీది. రెండోది ఎవరికైనా ఇచ్చేయ్. దానికీ దీనికీ తగిలే చోటు ఒకటి కాదు, ఒకదానితో సరిపెట్టిన స్కోపు ఇంకోదానికి రెండు మూడు అంగుళాలు తప్పొచ్చు. జింకకు ఒకటి, ఎల్క్‌కు ఒకటి అని జేబులో కలిపి పెట్టుకునేవాళ్ళను చూశా. చీకటితో లేచి చలికి వణుకుతున్నప్పుడు ఏది చాంబర్‌లోకి పోయిందో వాళ్ళకే తెలియదు. ఎల్క్‌కు పనికొచ్చేది జింకకూ పనికొస్తుంది, ఒక్కదానితోనే ఉండు. ఎంచుకున్న రకంలో ఒకే లాట్ నంబర్ ఉన్న, అంటే ఒకే విడతలో తయారైన డబ్బాలు మూడు తీసుకుని, రెండు ప్రాక్టీస్‌కు వాడు, ఒకటి కొండకు పట్టుకుపో. ప్రాక్టీస్ బల్ల మీద కాదు, కూర్చుని, మోకాలి మీద ఆనించి. వారానికి ఒకసారైనా చల్లటి బారెల్‌తో మొదటి బుల్లెట్ ఎక్కడ పడుతుందో విడిగా రాసి పెట్టుకో. కొండ మీద నీకు దొరికేది ఆ మొదటిదే.

ఈ ఎంపికలన్నీ అక్కడి భాగ్యం. మీ నాయనకున్న .315 రైఫిల్‌కు ఇక్కడ 244 గ్రెయిన్ల తూటా దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. అది కూడా పంట కాపలాకు తీసుకున్న లైసెన్స్, ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకోవడంతోనే దాని ఆయుష్షు గడిచిపోతోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు దాన్ని తీసుకుని లంకమల వైపు పోదామని మాత్రం అనకు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం నీ అమెరికా లైసెన్స్‌ను చూడదు.

మీ అమ్మకు నేనింకా చెప్పలేదు, క్యాంపింగ్‌కు పోతున్నావనే అనుకుంటోంది. అది నువ్వే చూసుకో. టార్గెట్ కాగితాలు ఫోటో తీసి పంపు, ఎన్ని గజాలో, ఏ డబ్బాదో పెన్నుతో దాని మీదే రాయి. స్కోపు ఎటు ఎన్ని క్లిక్కులు తిప్పాలో చూసి చెప్తా.

ఇట్లు
నీ పెద్దనాయన