చీటీ పాడి తుపాకీ బల్ల కొనొచ్చా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఒంగోలులో ఉంటాం. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్. ఇద్దరికీ కలిపి నెలకు 78,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 21,000, చీటీ 10,000, ఇంటి ఖర్చు 32,000. బ్యాంకులో 60,000 ఉంది. డిగ్రీ రోజుల్లో ఎన్‌సీసీలో రైఫిల్ పట్టినప్పటి నుంచి నాకు షూటింగ్ పిచ్చి. ఇన్నాళ్లకు కార్ షెడ్డులో ఒక వర్క్‌బెంచ్ వేసుకుని ప్రాక్టీసు చేయాలని, వీడియోల్లో చూసినట్టు తూటాలు రీలోడింగ్ కూడా నేర్చుకోవాలని ఉంది. ఖర్చు ఇలా వేసుకున్నాను: మ్యాచ్ ఎయిర్ పిస్టల్ 1,40,000. రీలోడింగ్ ప్రెస్, తూకం, మిగతా సరంజామా 1,10,000 (డాలస్‌లో ఉన్న బావమరిది తెస్తానన్నాడు). షెడ్డు ఫ్లోరింగ్, లైట్లు, బల్ల, వైస్ 85,000. చిల్లర సామాన్లు 25,000. మొత్తం 3,60,000. మాకు 5 లక్షల చీటీ ఉంది, 50 నెలలు. ఈ నెలది 14వ పాట. 1,40,000 తోసి పాడితే చేతికి 3,60,000 వస్తుంది. ఇక కట్టాల్సింది 36 నెలలు, పదివేల చొప్పున అదీ 3,60,000. అంటే వడ్డీ లేని అప్పే కదా? చీటీ మా ఆవిడ పేరు మీద, పాప ఇంటర్ చదువు కోసం వేశాం. పాప జూన్‌లో ఎనిమిదిలోకి వెళ్లింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఏమంటారు?

జవాబు: మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి ముందు లెక్క దగ్గరే కూర్చుందాం. 3,60,000 తీసుకుని 3,60,000 కడతాను, చెల్లుకు చెల్లు అన్నారు. మరి ఇప్పటిదాకా కట్టిన 14 వాయిదాలు ఎవరి ఖాతాలో రాశారు? డివిడెండ్, అంటే పాటలో తోసిన సొమ్ములోంచి మీకొచ్చే వాటా, పోగా కట్టినా అది దాదాపు లక్ష. ఫ్యాక్టరీ పుస్తకాల్లో ఇలా రాస్తే ఆడిటర్ ఊరుకుంటాడా?

సరైన పోలిక ఇది. ఇప్పుడు పాడినా, చివరిదాకా ఆగినా నెలనెలా కట్టేది ఒకటే, వచ్చే డివిడెండూ ఒకటే. తేడా అంతా చేతికి ఎప్పుడు ఎంత వస్తుందన్న దగ్గరే. ఇప్పుడైతే 3,60,000. 50వ నెల దాకా ఆగితే, చీటీ నడిపేవాళ్ల కమిషన్ 5 శాతం అనుకుంటే 25,000 పోగా 4,75,000. తేడా 1,15,000. మీ ఖర్చుల లిస్టులో రాయని సామాను అదే, పిస్టల్ తర్వాత అన్నిటికన్నా ఖరీదైనదీ అదే.

నిజం చెప్పాలంటే వడ్డీగా చూస్తే ఇది ఘోరమేమీ కాదు. 3,60,000 మూడేళ్లలో 4,75,000 కావడమంటే ఏడాదికి 9.7 శాతం పడ్డట్టు. పర్సనల్ లోన్ సాధారణంగా ఇంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆసుపత్రి అవసరమో, పాప ఫీజో అయితే పాడండి, చీటీ ఉన్నదే అందుకని నేనే చెప్పేవాణ్ని. నా అభ్యంతరం వడ్డీ మీద కాదు. ఎనిమిది, తొమ్మిది, పది అయ్యేసరికి మూడేళ్లు. మీ చీటీకి ఇంకా 36 నెలలు. పాప ఇంటర్‌లో చేరే నాటికి అది చేతికొచ్చేలా ఎవరు లెక్కేశారో గానీ బాగా వేశారు. బహుశా మీ ఆవిడే అయ్యుంటారు. ఆ డబ్బు ఇప్పుడు షెడ్డులో పెడితే ఆ జూన్‌లో మళ్లీ అప్పుకే పోవాలి.

పైగా చీటీ ఆవిడ పేరు మీద ఉంది. పాడినవాళ్లు మిగతా వాయిదాలకు జామీను చూపించాలి. ఆవిడ సంతకాలు పెట్టాలి, తెలిసినవాళ్లను ష్యూరిటీకి బతిమాలాలి. అది ఇంట్లో చెప్పకుండా జరిగే పని కాదు. ఆ సంగతి మీకూ తెలుసు, అందుకే ముందు నాకు రాశారు.

ఇక లిస్టులోని 1,10,000. ఇది కొట్టేయండి. తగ్గించడం కాదు, పూర్తిగా కొట్టేయండి. రీలోడింగ్ అంటే కాల్చేసిన తూటా ఇత్తడి గుల్లను మళ్లీ సైజుకి తెచ్చి, కొత్త ప్రైమర్ (పిన్ను తగలగానే నిప్పు రాజేసే చిన్న బిళ్ల), మందు, గుండు పెట్టి మళ్లీ తూటా చేయడం. అమెరికాలో ఇంటి గ్యారేజీల్లో చేస్తారు, వీడియోలు అక్కడివి. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు ఉండాలి. లేకుండా చేస్తే సెక్షన్ 25 కింద, 2019 సవరణ తర్వాత, ఏడేళ్లకు తక్కువ కాకుండా యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. పాత గుల్లలో మందు నింపడం తయారీ కాదని కోర్టులో వాదించే ధైర్యం మీకుంటే ఉండొచ్చు, నాకు లేదు. బావమరిదికి ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పండి. నమూనాకని ఒక్క తూటా బ్యాగులో పడేసుకొచ్చినా ఎయిర్‌పోర్టులో కేసవుతుంది, ఆయన సెలవులు కాస్తా స్టేషన్ చుట్టూ తిరగడంతోనే అయిపోతాయి.

చట్టం పక్కన పెట్టినా ఆ ప్రెస్ మీకెందుకు? కొంటానంటున్నది ఎయిర్ పిస్టల్. దానికి తూటా, మందు, ప్రైమర్ ఏవీ ఉండవు. గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండు వెళుతుంది, అంతే. తిరునాళ్లలో బుడగలు కాల్చే తుపాకీకి బాగా చదువుకున్న తమ్ముడనుకోండి. రేపు లైసెన్సు తెచ్చుకుని ఎన్‌సీసీలో పట్టిన పాయింట్ 22 రైఫిల్ కొన్నా ఇదే కథ. ఆ తూటాలో పేలే మందు గుల్ల అంచులోనే ఉంటుంది, ఒకసారి పిన్ను కొట్టాక ఆ అంచు నొక్కుకుపోతుంది. మళ్లీ నింపుకునే రకం కాదది. అంటే 1,10,000 పెట్టి, మీ దగ్గర లేని తుపాకీకి, చేయకూడని తూటాలు చేసే మిషన్ కొంటున్నారు.

ఎయిర్ పిస్టల్ మాత్రం నిక్షేపంగా కొనుక్కోవచ్చు. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్లకు లైసెన్సు అక్కర్లేదు. పోటీ పిస్టళ్లు ఆ శక్తికి చాలా కిందే ఉంటాయి. వయసు, అడ్రసు ప్రూఫ్ తీసుకుని బిల్లుతో అమ్మే షాపులోనే కొనండి, ఆ బిల్లు జాగ్రత్తగా దాచండి. 2024 పారిస్‌లో మను భాకర్ కాంస్యం గెలిచింది ఇలాంటి పిస్టల్‌తోనే, 10 మీటర్ల దూరం నుంచి.

ఆ 10 మీటర్ల దగ్గరే మీ షెడ్డు సంగతి తేలిపోతుంది. 10 మీటర్లంటే దాదాపు 33 అడుగులు. మీరు నిలబడే చోటు, వెనక గుండు ఆగే పెట్టె కూడా కలిపితే 38 అడుగులు కావాలి. మామూలు కార్ షెడ్డు 18 అడుగులుంటే గొప్ప. టేపు పట్టుకుని కొలిచారా? ఫ్లోరింగ్‌కీ లైట్లకీ డబ్బు పోశాక కొలిస్తే లాభం లేదు. 5 మీటర్లకు పెట్టుకుని, టార్గెట్‌ను సగం సైజులో ప్రింటు తీసుకుంటే ఇంటి ప్రాక్టీసుకు సరిపోతుంది. అసలు పిస్టల్ టార్గెట్‌లో 10 మార్కుల వలయం 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. సగం చేస్తే ఇంకెంత ఉంటుందో చూసుకోండి. దాన్ని కొట్టడానికి ఇటాలియన్ టైల్స్ అక్కర్లేదు, చేయి కదలకపోతే చాలు.

నా సొంత గొడవ ఒకటి చెబుతాను. 2017లో ఈఎంఐ మీద టెలిస్కోపు కొన్నాను. నెల్లూరులో మా డాబా మీద నాలుగు రోజులు శనిగ్రహాన్ని చూశాం, వీధిలో పిల్లలందరికీ చూపించాం. తర్వాత కార్తీకం వానలు. మూత తీసి చూసేసరికి లెన్సు మీద సాలెగూడులా బూజు పట్టి ఉంది. ఈఎంఐలు ఇంకా తొమ్మిది మిగిలాయి. చూడ్డానికి పనికిరాని వస్తువుకు తొమ్మిది నెలలు కట్టాను. మీదీ సముద్రపు గాలి తగిలే ఊరే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు షెడ్డులోకి ఎన్ని అంగుళాల నీళ్లొచ్చాయో గుర్తు చేసుకోండి. ఇనుప సామాను ఏదైనా షెడ్డులో వదిలేస్తే సంక్రాంతి నాటికి తుప్పు పడుతుంది. పిస్టల్ చోటు షెడ్డు కాదు. ఇంట్లో తాళం వేసిన బీరువాలో, సిలికా జెల్ పొట్లాలతో. గుండ్లు వేరే చోట, వేరే తాళం కింద. ఎనిమిదో తరగతి పిల్ల ఉన్న ఇల్లది.

బల్ల ముచ్చట మాత్రం నాకూ నచ్చింది. అది తీసేయను. కానీ ఖరీదైన స్టీలు బెంచీ వద్దు. పాత ఇల్లు పడగొట్టిన చోట టేకు తలుపు ఒకటి బేరమాడి తెచ్చి, వడ్రంగితో నాలుగు బలమైన కాళ్లు కొట్టించండి. ఫ్యాక్టరీలో బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ముక్క ఊరికే దొరుకుతుంది, బల్ల పైకి అదే పరిచేద్దామని మీకు తప్పకుండా అనిపిస్తుంది. వద్దు. రాయికి వైస్ బిగించాలని డ్రిల్ పెడితే బీటలు తీస్తుంది. ఇంకో సంగతి, ఆ నల్లరాయిలో బంగారు మెరుపులుంటాయి కదా. పిస్టల్ విప్పినప్పుడు ఆవగింజంత స్క్రూ ఒకటి దాని మీద పడిందంటే, ఏది మెరుపో ఏది స్క్రూవో తెలీక టార్చిలైటు పట్టుకుని రాత్రంతా వెతుకుతారు. టేకు మీద ఒక తెల్ల టవలు పరుచుకోండి. గుండు ఆపడానికి మందపాటి చెక్కపెట్టెలో పాత గుడ్డలు గట్టిగా కుక్కి, వెనక ఇనుప రేకు బిగించండి. దాని వెనక గోడే ఉండాలి, పక్కింటివాళ్ల పెరడు కాదు. కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా ఒక్క గుండూ కాల్చొద్దు. ఆ గుండ్లు సీసం. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం కలపకండి, ఆ మూలను చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకండి, తడిగుడ్డతో తుడవండి. ఈ బల్ల, పెట్టె, ఒక ఎల్‌ఈడీ లైటు అన్నీ కలిపి 12,000 దాటనివ్వొద్దు. దసరా బోనస్ ఏమైనా వస్తే అందులోంచి కొట్టించండి.

ఇప్పుడు నెల లెక్క. 78,000లో ఈఎంఐ, చీటీ, ఇల్లు పోను 15,000 మిగలాలి. అది ఎటు పోతోందో మీరు రాయలేదు. మీ ఉత్తరంలో తుపాకీ సంగతులే నిండా ఉన్నాయి, టర్మ్ పాలసీ (జీవిత బీమా) గురించి ఒక్క ముక్క లేదు. ఇంటి లోన్ ఉండి, పాప చదువుకుంటుంటే అది ముందు. దానికి నెలకు 2,000 పక్కన పెట్టండి. ఇంటి ఖర్చు, ఈఎంఐ, చీటీ కలిపి మూడు నెలలకు 1,89,000 అవుతుంది. మీ దగ్గర 60,000 ఉంది. మిగతాది పోగయ్యేదాకా నెలకు 7,000 వేస్తూ పోండి, ఏడాదిన్నర పైన పడుతుంది. పెళ్లిళ్లు, పేరంటాలు, చదివింపులకు 4,000. మిగిలిన 2,000 మీ షూటింగ్‌కి.

2,000కి ఏమొస్తుందని మొహం చిట్లించకండి. దీనికి ఇంకొకటి కలుస్తుంది, అది చివర్లో చెబుతాను. మొదటి ఆరు నెలలు పిస్టల్ కొనకండి. దగ్గరలో క్లబ్బు ఎక్కడుందో చూసుకుని, నెలకు రెండు ఆదివారాలు వెళ్లి అక్కడి తుపాకీతోనే కాల్చండి. పోటీలో 60 షాట్లు, 75 నిమిషాలు. అంతసేపు ఒంటిచేత్తో కిలో బరువు పట్టుకుని నిలబడటం సరదానా, శిక్షా అన్నది రెండు నెలల్లో తెలిసిపోతుంది. మిగతా రోజులు ఇంట్లో చేతిలో కిలో బరువేదైనా పట్టుకుని తెల్లగోడ కేసి చేయి నిలిపే సాధన చేయొచ్చు, పెద్ద షూటర్లు కూడా గుండు లేకుండా గంటలకొద్దీ గురి పడతారు. దానికి రూపాయి ఖర్చు లేదు. ఆ తర్వాతా ఆసక్తి ఉంటే బ్యాంకులో నెలకు 2,500 ఆర్‌డీ మొదలుపెట్టండి, రెండేళ్లకు అసలే 60,000. ఆ డబ్బుకి కొత్తదైనా, సెకండ్ హ్యాండ్‌దైనా ఏది వస్తే అది. పాతది కొనేటప్పుడు గాలి సిలిండర్ మీద తేదీ చూడండి. పోటీల్లో సాధారణంగా పదేళ్లు దాటిన సిలిండర్ ఒప్పుకోరు. చవగ్గా వచ్చిందని కొంటే సిలిండర్‌కే మళ్లీ పెట్టాల్సి వస్తుంది. వారానికి రెండుసార్లు 60 చొప్పున కాల్చినా నెలకు 480, అంటే 500 గుండ్ల డబ్బా ఒకటి సరిపోతుంది.

ఇక ఆ కలిసేది. ఈ నెల పాటకు వెళ్లండి, కానీ పాడకండి. మీలాగే తొందరలో ఉన్నవాళ్లు ఎవరో ఒకరు 1,40,000 తోసి పాడారనుకోండి. కమిషన్ 25,000 పోను 1,15,000 యాభైమందికీ పంచితే తలా 2,300. మీ వాయిదా పదివేలు కాదు, 7,700. అందరి తొందరా తీరేకొద్దీ డివిడెండ్ తగ్గుతుంది గానీ, ఇంకో ఏడాది పాటు రెండు వేలకు అటూ ఇటూగా రావచ్చు. ఆ మిగిలింది మీ 2,000కి కలిపేయండి. క్లబ్బు ఫీజు, బస్సు చార్జీ, గుండ్ల డబ్బా, ఆర్‌డీ అన్నీ అందులోనే వెళ్లిపోతాయి. మీ ఆవిడకు చెప్పేటప్పుడు ఈ 2,300 దగ్గర మొదలుపెట్టండి, పిస్టల్ దగ్గర కాదు.