కొడుకు కోరుతున్న జీటీఓ, తండ్రి కోరుతున్న ఇంజినీరింగ్

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయి పన్నెండో తరగతి. తాను దాచుకున్న డబ్బుతో 1966 నాటి పాంటియాక్ జీటీఓ కారు కొంటాడట. ఇంజినీరింగ్ వద్దు, పాత కార్ల రిస్టోరేషనే (పాడైన పాత కార్లను మళ్లీ అసలు రూపానికి తేవడమే) నా వృత్తి అంటున్నాడు. ఎలా మాన్పించాలి? - ఒక తండ్రి

జవాబు: మాన్పించకండి, కొననివ్వండి. కాకపోతే ఏ పని ముందో మీరే షరతు పెట్టండి. కుర్రాళ్ల మోజంతా ఇంజిన్ చప్పుడు మీద ఉంటుంది. రిస్టోరేషన్ షాపులో గంటలు మింగేది మాత్రం తుప్పు.

కొనేటప్పుడే మొదటి పరీక్ష. 1964, 65ల్లో జీటీఓ అంటే పాంటియాక్‌వారి లెమాన్స్ కారుకు జతచేసే ఆప్షన్ మాత్రమే. 1966లో విడి మోడల్ అయింది కాబట్టి ఆ ఏడాది కారు ఛాసిస్ నంబరు 242తో మొదలవ్వాలి. 237 కనిపిస్తే, ఎవరో జీటీఓ బ్యాడ్జీలు తగిలించిన లెమాన్స్ అన్నమాట. పాత పాంటియాక్ కార్ల రికార్డులు అందించే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ నుంచి ఫ్యాక్టరీ బిల్లు నకలు కూడా తెప్పించుకోవచ్చు. ఈ కాగితాల పని విసుగనిపిస్తే ఈ వృత్తి అతనికి కష్టమే, ఎందుకంటే అసలుకూ నకలుకూ మధ్య ధర తేడా చాలా ఎక్కువ.

తర్వాత ఒక అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి, డిక్కీ నేల, వెనుక అద్దం కింది అంచు, వెనుక చక్రాల చుట్టూ ఉన్న రేకు పరీక్షించమనండి. అంటుకోని చోట రేకు మీద పుట్టీ మందంగా ఉన్నట్టే. ఫ్రేము కుళ్లి ఉంటే బేరం వదిలేయడమే మంచిది.

కారు ఇంటికొచ్చాక ముందు బ్రేకులు, ఇందులో రాజీ లేదు. 1966 కారుకు బ్రేక్ సర్క్యూట్ (బ్రేక్ ద్రవం చక్రాలకు వెళ్లే దారి) ఒక్కటే. ఎక్కడ ఒక పైపు కారినా పెడల్ నేలకు తగులుతుంది. పెడల్ తొక్కితే ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్‌ను రెండు సర్క్యూట్లది వేయించాకే రోడ్డెక్కాలి. పాత బ్రేక్ షూల ధూళిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, గాలి కొట్టి ఊదకూడదు. పాత రబ్బరు పెట్రోలు గొట్టాలు నేటి ఎథనాల్ పెట్రోలుకు పాడవుతాయి, వాటినీ మార్చాలి.

ఇక అసలు పరీక్ష: డిక్కీ నేల కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయడం. దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో వెల్డింగ్ తరగతులుంటే చేర్పించండి. ఎన్ని గంటలు పడుతుందో ముందే నోటుబుక్కులో రాయించి, చివరికి ఎన్ని పట్టాయో పక్కనే రాయమనండి. ఈ అంచనా తప్పడం వల్లే మంచి చేతిపని ఉన్నవాళ్లూ షాపు నడపలేక చేతులెత్తేస్తారు.

ఈ టింకరింగ్ పని ఏడాది పాటు వదలకుండా చేస్తే అది మోజు కాదు. కాన్సస్‌లోని మెక్‌ఫర్సన్ కాలేజీలో ఆటోమోటివ్ రిస్టోరేషన్‌లో నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీ ఉంది. చేతిలో డిగ్రీ పట్టా ఉండాలన్నదే మీ బెంగ అయితే అది అక్కడే తీరుతుంది. నా మొగ్గు మాత్రం మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతూ వేసవి సెలవుల్లో రిస్టోరేషన్ షాపులో పనిచేయడం వైపే. తర్వాత దారి మార్చుకోవడం తేలిక.

పెయింటు మాత్రం ఇంటి గ్యారేజీలో వేయనివ్వకండి. రెండు భాగాలు కలిపి కొట్టే పెయింట్లలోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులకు ప్రమాదం. ఆ పని సరైన పెయింట్ బూత్ (పెయింటు కొట్టే ప్రత్యేక గది) ఉన్న షాపుకే అప్పగించండి.