యుద్ధం పోస్టులో వచ్చింది: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

నీ నవల మొదటి మూడు అధ్యాయాలు చదివాను. మీ పక్కింటాయన వియత్నాం యుద్ధ జ్ఞాపకాలను తెలుగులో రాయాలనుకోవడం నాకు నచ్చింది. ఏళ్ల తరబడి అమెరికాలో ఉంటున్నా మనం మన వీసాలూ, మన బెంగలూ తప్ప పక్కింటివాళ్ల గురించి రాయం. అందుకే శ్రద్ధగా చదివాను. కొంచెం కటువుగా చెబుతాను, ఏమనుకోకు.

మొదటి పేజీలోనే హెలికాప్టర్ దించేశావు. వాన, అడవి, తుపాకుల మోత. ఇదంతా నువ్వు సినిమాల్లో చూసిందే. నువ్వు పంపిన నోట్సు మళ్లీ తీసి చూడు. ఆయన ఎక్కువసేపు మాట్లాడింది 1969 డిసెంబరు 1 రాత్రి గురించి. సైన్యానికి ఎవరిని ముందు పిలవాలో తేల్చే లాటరీని టీవీలో చూపించిన రాత్రి అది. గాజు జాడీలో 366 నీలం ప్లాస్టిక్ క్యాప్సూల్స్, ఒక్కో దాంట్లో ఒక్కో పుట్టినరోజు తేదీ. మొదట వచ్చిన చీటీ సెప్టెంబరు 14. ఆ తేదీన పుట్టినవాళ్లందరికీ ఒకటో నంబరు. ఆ లాటరీలో చివరికి 195 దాకా పిలిచారు. అంటే 190 పడ్డవాడికి పిలుపొచ్చింది, పక్కనే కూర్చున్న 200 వాడు ఊపిరి పీల్చుకున్నాడు. క్యాప్సూల్స్‌ని నెలలవారీగా పోసి సరిగ్గా కలపకపోవడంతో, ఏడాది చివరి నెలల్లో పుట్టినవాళ్లకు చిన్న నంబర్లు ఎక్కువ పడ్డాయి. గణాంకశాస్త్రం తెలిసినవాళ్లు తర్వాత లెక్కలు వేసి ఈ సంగతి బయటపెట్టారు.

మీ పక్కింటాయన డిసెంబరు చివర్లో పుట్టాడు. "మా అమ్మ ఇంకొక్క వారం ఓపిక పట్టుంటే నేను జనవరివాణ్ణి" అని ఆయన నవ్వాడని నోట్సులో ఉంది, నవలలో లేదు. ఎందుకు తీసేశావు? యుద్ధం గురించి రాసేటప్పుడు నవ్వకూడదని ఎవరైనా చెప్పారా?

ఇంకో సంగతి. మన పాఠకులకు సైన్యం అంటే కావాలని చేరే ఉద్యోగం. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లున్నాయి మనకి. ఆర్మీ ర్యాలీ కోసం తెల్లారకముందే లేచి పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లను అందరం చూశాం. వద్దన్నా పిలిచి తీసుకెళ్లడం మనకు అనుభవంలో లేని విషయం. కాబట్టి ఆ యంత్రం ఎలా పనిచేసేదో చూపించాలి: ఎవరిని సైన్యంలోకి పంపాలో తేల్చే స్థానిక డ్రాఫ్ట్ బోర్డు, ఆరోగ్య పరీక్ష, కాలేజీలో ఉన్నవాడికి దొరికే వాయిదా, కాలేజీకెళ్లే స్తోమత లేనివాడికి ఇంటికొచ్చే కాగితం. 1965 వలస చట్టం తర్వాత వచ్చిన మనవాళ్లలోనూ గ్రీన్‌కార్డు ఉన్న కుర్రాళ్లకు ఈ నిర్బంధం వర్తించేది. ఆ కాలంలో వచ్చిన పెద్దవాళ్లు నీకు తెలిస్తే అడుగు, ఆ టెన్షన్ ఎలా ఉండేదో చెబుతారు.

ఇక అసలు మాట. "ఈ యుద్ధం తప్పని అతనికి అప్పుడే తెలుసు" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఏ సంవత్సరంలో ఎవరికి ఎంత తెలుసన్నదే ఈ కథకు ప్రాణం. 1965లో వెళ్లినవాడి వెనక దేశంలో చాలామంది ఉన్నారు. 1968లో కమ్యూనిస్టు సేనలు దక్షిణ వియత్నాం అంతటా ఒక్కసారిగా చేసిన టెట్ దాడుల తర్వాత పరిస్థితి వేరు. 1970లో వెళ్లిన మీ పక్కింటాయన అప్పటికే యుద్ధ వ్యతిరేక ఊరేగింపులు చూశాడు. కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నేషనల్ గార్డ్ కాల్పులకు నలుగురు విద్యార్థులు చనిపోవడమూ ఆ ఏడాదే. అన్నీ తెలిసి కూడా బస్సెక్కాడు. ఎందుకు? జవాబు నీ పద్నాలుగో పేజీలో ఓ మూల పడి ఉంది. "నాన్న రెండో ప్రపంచ యుద్ధం చేసొచ్చాడు. నేను పిలుపు తప్పించుకోడానికి కెనడా పోతే ఆయన ఊళ్లో ముఖం ఎలా చూపిస్తాడు?" నాయనా, నవల ఇక్కడ ఉంది. ఆ తండ్రితో కలిసి భోజనం చేసిన చివరి రాత్రి రాయి. ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదని ఆయన అన్నాడు కదా, అలాగే రాయి. నువ్వు మాటలు పెట్టకు.

తిరిగొచ్చాక ఎయిర్‌పోర్టులో ఎవరో ఆయన మీద ఉమ్మేసినట్టు రాశావు. నోట్సులో అది లేదు. అలాంటివి ఎంతవరకు జరిగాయో ఇప్పటికీ వాదనలున్నాయి. ఆయన చెప్పింది వేరు: ఎవరూ ఏమీ అడగలేదట. పన్నెండు నెలల గడువు ముగిసిన వెంటనే విమానం ఎక్కించారు, ఒంటరిగా ఇంటికొచ్చాడు, తర్వాతి సోమవారం కొట్లో పనికెళ్లాడు. ఉమ్మడం కన్నా ఇదే నన్ను ఎక్కువ కుదిపింది.

భాష సంగతి. "రణరంగం", "కురుక్షేత్రం", "వీరమరణం" తీసెయ్. ఆరని బూట్లలో నాని తోలు ఊడిన పాదాలు, ఎవరూ ముట్టని పంది మాంసం చిక్కుడు గింజల డబ్బా, ఇవి ఆయన మాటలు. ఇవి చాలు. మరొకటి, మూడు అధ్యాయాల్లో వియత్నాం మనిషి ఒక్కరికీ ముఖం లేదు. ఆయన బట్టలుతికిన అమ్మాయి గురించి చెప్పాడుగా, ఆమె ఏమైంది? ఆయనకు తెలియకపోతే తెలియదనే రాయి.

అచ్చుకిచ్చే ముందు ఆయనకు ఇంగ్లీషులో చెప్పి వినిపించు. వద్దన్నవి తీసెయ్. పేరు మార్చు, ఊరు మార్చు. పుట్టిన నెల మాత్రం మార్చకు, కథ మొత్తం తారుమారవుతుంది.

రెండో అధ్యాయం తిరగరాసి పంపు. ఈసారి పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైల్ పంపితే పక్కనే నా గీతలు గీస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు