ఇవాళ ఈ కాలు, రేపు ఆ కాలు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కావలి. మా లాబ్రడార్ చిన్నికి ఐదేళ్లు. మూడు వారాలుగా కుంటుతోంది. మొదట ముందు కుడికాలు ఎత్తి నడిచింది, అది తగ్గిందనుకునేలోపు వెనక ఎడమకాలు మొదలైంది. పొద్దున లేవాలంటే మూలుగుతుంది, పది అడుగులేస్తే కాస్త సర్దుకుంటుంది. తిండి సగానికి పడిపోయింది. మా అత్తయ్య వావిలాకు కాపడం పెడుతున్నారు. మెడికల్ షాపులో అడిగి మనుషుల నొప్పి మాత్ర సగం చొప్పున రెండు రోజులు వేశాం. ఎముకల జబ్బేమోనని టెన్షన్‌గా ఉంది. అన్నట్టు, పోయిన నెల ఒంటి నిండా పిడుదులుంటే ఏరేశాం.

జవాబు: అమ్మా, మీరు చివర్లో 'అన్నట్టు' అని రాసిందే నాకు ముందు కావాల్సిన మాట. నరం తెగిన కుక్క ఆ ఒక్క కాలే కుంటుతుంది, తుంటి కీలు అరిగితే ఇబ్బంది వెనక కాళ్లలోనే ఉంటుంది. ఇలా కాలు మార్చి కాలు పట్టుకుంటూ, తిండి తగ్గి, పొద్దునపూట బిగుసుకుపోతోందంటే ముందు పిడుదులు రక్తంలోకి ఎక్కించే జబ్బును అనుమానించాలి. నేనూ ఒకసారి మోసపోయినవాడినే, ఒక జర్మన్ షెపర్డ్‌కి తుంటి జబ్బనుకుని ఎక్స్‌రేలు తీయిస్తూ పది రోజులు పోగొట్టాను, ముక్కులోంచి రక్తం కారాక గానీ ప్లేట్‌లెట్లు, అంటే రక్తాన్ని గడ్డకట్టించే కణాలు, చూడాలని తట్టలేదు.

ముందు ఇంట్లోనే ఒక పని చేయండి. ముందుకాలి పంజా పైన మన మణికట్టులాంటి కీలుంటుంది కదా, రెండు కాళ్లవీ ఒకేసారి పట్టుకుని చూడండి, ఒకటి మెత్తగా ఉబ్బి వెచ్చగా తగులుతుందేమో. పెదవి ఎత్తి చిగుళ్లు పాలిపోయాయేమో చూడండి. వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద చూస్తే సూదితో గుచ్చినట్టు ఎర్రచుక్కలుండి, వేలితో నొక్కినా మాయం కాకపోతే ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మన దగ్గర కుక్కలను పట్టే గోధుమరంగు పిడుదు ముఖ్యంగా ఎర్లీకియా, బబీసియా అంటిస్తుంది. ఎర్లీకియా బ్యాక్టీరియా, తెల్లకణాల్లో కాపురం పెట్టి ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. బబీసియా అసలైన పరాన్నజీవి, ఎర్రకణాల్లో దూరి వాటిని పగలగొడుతుంది. బబీసియా గిబ్సోనై అనే రకాన్ని 1910లో మొదట వర్ణించింది ఎక్కడో కాదు, మన పక్కనే మద్రాసులో, వేటకుక్కల రక్తంలో, ఆ తర్వాత నక్కల రక్తంలో. ఈ క్రిములతో పోట్లాడటానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలే ఒక్కోసారి క్రిమి ముక్కలతో ముద్దకట్టి కీళ్ల పొరల్లో చిక్కుకుని వాపు తెస్తుంది, అందుకే నొప్పి ఒకచోట నిలవదు.

చెవి అంచున గుచ్చి తీసిన రక్తపు చుక్కను స్లైడు మీద చూస్తారు, ప్లేట్‌లెట్లు లెక్కిస్తారు. స్లైడులో ఏమీ కనపడనంత మాత్రాన లేదని కాదు, అవసరమైతే రక్తంలో క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష చేయించమంటారు. ఎర్లీకియా అయితే డాక్సీసైక్లిన్ మామూలుగా 28 రోజులు వాడాలి. కుక్క నాలుగైదు రోజులకే తోకాడిస్తూ తిరుగుతుంది, అక్కడే చాలామంది మానేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. ఆ మాత్ర పెరుగన్నంలో కలపకండి, ఒంటికి పట్టడం తగ్గుతుంది, మామూలు అన్నంతో పెట్టి మీద నీళ్లు తాగించండి. బబీసియాకి మందు వేరు, రకాన్ని బట్టి మారుతుంది కూడా.

మనుషుల నొప్పి మాత్రలు ఈ క్షణమే ఆపండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కలకు కడుపులో పుండ్లు చేస్తాయి, ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు ఆ పుండ్లలోంచి రక్తం ఆగదు. ఏ మాత్ర వేశారో డాక్టరుకు దాచకుండా చెప్పండి, అది తెలియకుండా స్టెరాయిడ్ ఇస్తే ఇంకా ప్రమాదం. వావిలాకు కాపడం పెట్టుకోండి, అత్తయ్యగారి మనసు ఎందుకు నొప్పించడం, దానివల్ల జబ్బు మాత్రం పోదు.

ఏరేశామన్నారు, సరే. రక్తం తాగి ఆముదం గింజంత అయిన ఆడ పిడుదు తనే రాలిపోయి, గోడ పగుళ్లలోనో కడప రాళ్ల సందుల్లోనో వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకు మందు వేసి గోడను వదిలేస్తే నెలకల్లా మళ్లీ ఎక్కుతాయి. సందులు సిమెంటుతో పూడ్చి, పడుకునే గోనె పారేయండి.

ప్రశ్న: మా కుక్క పిడుదుల్ని కొరికి మింగేస్తుంది. ఏమన్నా అవుతుందా? - కందుకూరు

జవాబు: అవ్వచ్చు బాబూ. హెపటోజూన్ అనే పరాన్నజీవి కుట్టడం వల్ల కాదు, పిడుదును మింగడం వల్లే వస్తుంది. చాలా కుక్కల్లో పైకి ఏమీ తెలియదు, మరికొన్ని జ్వరంతో చిక్కిపోతాయి. చిన్న పట్టకారతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి, గోళ్లతో నలపకండి, కిరోసిన్ పూయకండి.

ప్రశ్న: గేదెలకు కొట్టే గోమార్ల మందు కుక్కకు వాడొచ్చా? ఇంట్లో పిల్లి కూడా ఉంది. - కనిగిరి

జవాబు: వద్దు. గేదె మీద పోసిన మందు గేదె బరువుకి లెక్క, పైగా కుక్క ఒళ్లంతా నాకుతుంది. పిల్లి ఉందన్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నా, పర్మెత్రిన్ లాంటి పురుగుమందులు పిల్లి ప్రాణం తీస్తాయి, అది పూసిన కుక్క పక్కన పిల్లి పడుకున్నా చాలు. కుక్కలకని ఉన్న ఫిప్రోనిల్ చుక్కలో, ఫ్లూరలానర్ మాత్రో బరువు చూపించి తీసుకోండి. ఆ మాత్ర ఒక్కటి దాదాపు 12 వారాలు పనిచేస్తుంది, ధర చూసి మాత్రం కాస్త గుండె దడ వస్తుంది.